మోగని కత్తి

మా పెరటి జీలుగు చెట్టు ఆ ఏడు పుష్యమాసం మొదట్లోనే గెల వేసింది. చెట్టుకు నా సంగతి తెలియదు పాపం. అంతకుముందు వేసవిలో దాని మీంచి దిగుతూనే నేను కింద పడ్డాననీ, నడుముకు కట్టుకున్న కత్తి ఒరలోంచి జారి పిక్క చీరేసిందనీ, కుడి మణికట్టు విరిగి మూడు నెలలు కట్టుతో తిరిగాననీ దానికెవరు చెబుతారు? దాని వేళకు అది గెల వేసింది. పొద్దున లేచి తలెత్తి చూస్తే మట్టల మధ్య పచ్చగా, బలంగా కనిపించింది.

మా ఊరు టైడా స్టేషన్ నుంచి కొండెక్కితే గంటన్నర నడక. రాయిగెడ్డ అంటారు. పదిహేడు గడపలు. నన్ను సోంబరంటారు. ఆ పదిహేడు గడపల్లోనూ జీలుగు కల్లు గీసేవాళ్ళం ఇద్దరమే, నేనూ మా బావ భీముడూ. నా కల్లు తీపి, అతని కల్లు పులుపు. ఇది నేనంటున్న మాట కాదు, ఊరంతా అనే మాట. మొదట అన్నది నేనే అనుకోండి.

తాటికి చుట్టమైన ఈ జీలుగుతో ఉన్న చిక్కేమిటంటే అది ఆగదు. గెల పొర ఒలిచి, లోపలి గుత్తిని తాడుతో బిగించి, కొస మీద గాటు పెట్టాలి. ఆ తర్వాత రెండు పూటలా ఉల్లిపొర మందాన గీస్తూ పోవాలి. నాలుగు రోజులు మానితే కొస ఎండి నోరు మూసుకుంటుంది. అసలు గాటే పెట్టకపోతే పొర తనంతట తాను చీలి, పూలు రాలి, గెల వృథాగా పోతుంది. అలా పోకూడదని మా పెద్దలు ఒక కట్టు పెట్టారు. పొర మీద చీలిక కనబడ్డాక రెండు రోజుల్లో చెట్టు గలవాడు గీయకపోతే ఇంకెవరైనా ఎక్కి గీసుకోవచ్చు. ఆ ఏడాదికి చెట్టు వాళ్ళదే. ఆ లెక్కన నేనూ ఇద్దరు ముగ్గురి చెట్లు ఎక్కినవాణ్ణే, అందుకని ఇప్పుడు అన్యాయమని అరవడానికి నోరు లేదు.

గెల చూసిన మూడోనాడే భీముడు వచ్చి పెరట్లో కూర్చున్నాడు.

"గెల బాగుంది బావా. ఈ ఏడు నాను గీత్తాను. నువ్వు కిందన కూకుని తాగుదువు గానీ."

"నా సెట్టు నాను గీసుకుంటాను. నీ పులుపు నీ కాడే ఉంచుకో."

"ఏటితో గీత్తావు? ఆ సేత్తోనా?"

"సెయ్యికేటయింది? కత్తే బరువు. తేలిక కత్తి కొంటాను. మడత కత్తి. మడిసి జేబులో ఏసుకుంటే జారదు, పిక్క కొయ్యదు."

ఆ మాట ఆ క్షణాన నోటికొచ్చిందే. ఎప్పుడో రైలు పట్టాల మీద పనిచేసే ఒకాయన దగ్గర మడత కత్తి చూశాను, అంతే. అయినా అందులో నిజం లేకపోలేదు. నా పాత కత్తి లారీ కమాను పట్టీతో పాడేరు కమ్మరి కొట్టి ఇచ్చింది. ముప్పావు కిలో ఉంటుంది. విరిగి అతికిన మణికట్టుతో దాన్ని ఎత్తి పట్టుకుంటే వంద లెక్కపెట్టేలోగా వేళ్ళు వణికేవి. తేలికగా ఉండాలి, గట్టిగా ఉండాలి, మడతపడాలి. ఇంతే కదా, సంతలో దొరకదా అన్నాను. మా ఆవిడ గంగ పొయ్యి దగ్గర్నుంచి నా వైపు ఒకసారి చూసి మళ్ళీ రాగులు చెరుగుకుంది.

అరకు సంతకు కోడలు భాను అల్లం అమ్ముకోవడానికి పోతుంటే వెంట వెళ్ళాను. మా వాడు బుధు టూరిస్టులను జీపులో తిప్పుతాడు, పొద్దున పోతే చీకటి పడ్డాకే ఇల్లు చేరతాడు. ఇంటి పనీ తోట పనీ అంతా భానుదే. సిల్వర్ ఓక్ చెట్ల మీద పాకిన మిరియం తీగల నుంచి మిరియాలు కోసే పనిలో మా చుట్టుపక్కల ఆ పిల్లను మించినవాళ్ళు లేరు. మాట తక్కువ. అన్న ఒక్క మాటా సూదిలా దిగుతుంది.

సంతలో మడత కత్తుల వాడు గోనె పట్టా మీద పాతిక రకాలు పరిచి కూర్చున్నాడు. మా కొండ మీద కత్తి కొనేవాడెవడైనా ముందు చేసే పని ఒకటుంది. పిడి కొసను రెండు వేళ్ళతో పట్టి కత్తిని వేలాడదీసి, గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుంటాడు. మంచి ఇనుము మోగుతుంది. పగులుంటే బొంగురు పోతుంది. మా నాన్న అలాగే కొన్నాడు, నేనూ అలాగే కొన్నాను. మొదటి మడత కత్తిని తెరిచి మీటాను. టక్కుమంది. రెండోది మీటాను. టక్. పాతికా మీటాను. ఒక్కటీ మోగలేదు.

"తాతా, కత్తి కొంటావా, పాట ఇంటావా?" అన్నాడు అమ్మేవాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు.

"మోగని కత్తి కత్తేనా? పుచ్చిన ఇనుము తెచ్చి అమ్ముతున్నావు."

భాను నా చెవి దగ్గరకు వంగింది. "మావా, అది రెండు ముక్కలు. మధ్యన సీల. సీల పట్టుకుని ఉంటే మోత ఎలగొత్తాది? బడి గంటని సేత్తో పట్టుకుని కొడితే మోగుతాదేటి?"

"మిరియాలు కోసుకునే గుంటవి, కత్తుల గురించి నీకేటి తెలుసు?" అని కసిరాను.

కసిరాను గానీ ఆ మాట నిజమని అక్కడే అర్థమైంది. అర్థమైనా మానలేదు. మోగడం లేదన్న వంక అయిపోతే ఇంకో వంక పెట్టాను. ఒకదాని పిడి ఇత్తడి, బరువు. ఒకదాని పిడి పల్చన, చెమట పడితే జారుతుంది. ఒకదానికి దీపం ఉంది. ఒకదానికి సీసా మూత తీసే కొక్కెం ఉంది. మా కల్లుకు మూతలెక్కడివి? పొద్దు వాలేదాకా వంకలు పెట్టి, వట్టి చేతులతో, చాలా హుషారుగా ఇల్లు చేరాను.

మరుసటి సంతలో ఊరికే తిరిగివస్తే బాగుండదని ఒకటి తెచ్చాను. కాకి ఈకంత తేలిక. ఊళ్ళో నలుగురినీ పిలిచి పెరట్లో జీలుగు మట్ట మీద పరీక్ష పెట్టాను. రెండో దెబ్బకు దాని సీల వదులైంది, మూడో దెబ్బకు అలుగు వెనక్కి మడుచుకుని నా వేళ్ళ మీదకు వచ్చింది. చెయ్యి లాక్కున్నాను గనక వేళ్ళు మిగిలాయి.

"సూసినారా? సూసినారా మరి? ఇలాటి కత్తితో సెట్టెక్కమంటారా?" అని అందరికీ చూపించాను. కత్తి విరిగినందుకు ఎవరైనా అంత సంబరపడతారా? నేను పడ్డాను. అందరూ వెళ్ళాక గంగ చేట పక్కన పెట్టి మెల్లిగా అంది, "ఆడలేక మద్దెల ఓడన్నాడంట."

ఆ పూట నేను అన్నం ముట్టలేదు. కోపంతో కాదు. పట్టుబడిపోయినందుకు.

నాకు భయం వేసింది. ఇన్నాళ్ళకు చెప్పుకోవడానికి సిగ్గు పడను, అప్పుడు మాత్రం చచ్చినా చెప్పేవాణ్ణి కాదు. చెట్టుకు కట్టిన వెదురు బొంగు చూస్తే చాలు, అరికాళ్ళు చల్లబడేవి. మా చెట్లకు నిచ్చెనంటే ఒంటి వెదురే. కణుపు కణుపుకూ కొమ్మను జానెడు వదిలి నరికితే అవే మెట్లు. పదిహేనేళ్ళ వయసు నుంచీ కళ్ళు మూసుకుని ఎక్కిన మెట్లు అవి. ఇంట్లో ఎవరూ లేని ఒక మధ్యాహ్నం ఎక్కి చూశాను. నాలుగో మెట్టు మీద ఆగిపోయాను. మానును కౌగిలించుకుని, చెంప దానికి ఆనించి, పసిపిల్లవాడిలా అలాగే ఉండిపోయాను. కిందికి ఎలా దిగానో నాకే తెలియదు. దిగి వెనక్కి తిరిగితే గెడ్డ నుంచి తెచ్చిన నీళ్ళ బిందెతో భాను నిలబడి ఉంది.

ఎంతసేపటి నుంచి చూస్తోందో. నేను గొంతు సవరించుకుని, "ఎదురు కట్టు సూత్తన్నాను. బిగువుగానే ఉంది," అన్నాను.

"అంబలి తాగుదువు రా మావా," అంది. అంతే. ఆ సంగతి ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

చెట్టు చేతులు మారడానికి మాకో పద్ధతుంది. పాతవాడు మానుకు అరచెయ్యి ఆనించి కొత్తవాడి పేరు చెట్టుకు చెప్పాలి. మా నాన్న నా పేరు అలాగే చెప్పాడు. ఒకసారి చెప్పాక ఇక ఆ చెట్టు పాతవాడు ఎక్కకూడదు, మాట వెనక్కి తీసుకునేది ఉండదు. నా తర్వాత బుధు పేరు చెప్పాలి, కానీ వాడు పందిరి మీద ఆనపకాయ కోయడానికి బల్ల ఎక్కితేనే కళ్ళు తిరుగుతున్నాయంటాడు. ఘాట్ రోడ్డులో జీపు మాత్రం ఒంటి చేత్తో తిప్పుతాడు, దేవుడు ఎవరికెక్కడ ధైర్యం పెట్టాడో. అందుకని ఆ పేరు చెప్పే మాట నేను తలపెట్టలేదు. పైగా నేను గీయకపోతే పొద్దున్నే నా పెరట్లో ఎవరు కూర్చుంటారు? చెట్టు కింద డొప్పల్లో కల్లు పోసుకుని ఊరి మంచీ చెడూ మాట్లాడుకునేది అక్కడే. కల్లు లేని సోంబరు దగ్గరకు ఎవడొస్తాడు? నాకు నిజంగా దిగులు పట్టుకున్నది అక్కడ.

ఇంట్లో కూర్చోలేక ఒక రోజు మిరియాల తోట వైపు వెళ్ళాను. భాను ఒక చెట్టు మీద ఉంది. మామూలుగా నేను పైకి చూసేవాణ్ణి కాదు, ఆ రోజు చూశాను. అదే ఒంటి వెదురు. పాదం అడ్డంగా పెట్టి, బరువు మెల్లగా వేసి చూసుకుని, అప్పుడు రెండో కాలు తీస్తోంది. కిందికి చూడటం లేదు. తొందర లేదు. ఒకరు నేర్పితే వచ్చేది కాదు అది. నేను పదేళ్ళు ఎక్కాక గాని నా కాలికి ఆ తీరు రాలేదు. ఇంతలో ఆ పిల్ల మొహం ఇటు తిప్పింది. పళ్ళ మధ్య కొడవలి!

"ఓలమ్మా! ఏటి సేత్తన్నావు? నోట్లో కొడవలేటి?" అని కేకేశాను.

కిందికి దిగాక కొడవలి తీసి, పెదవి తుడుచుకుంది. "మరేటి సెయ్యమంటావు మావా? ఎక్కడానికి రెండు సేతులూ కావాలి. నడుంకి కడితే ఏటవుద్దో మనింట్లో సూసినాం కదా."

నేను పిక్క మీది మచ్చ తడుముకున్నాను.

రెండు రోజులకు గెల పొర మీద దారమంత చీలిక కనబడింది. నాకంటే ముందు భీముడికే కనబడి ఉంటుంది, ఎందుకంటే నేను మొహం కడుక్కునేసరికి గుమ్మంలో ఉన్నాడు. చెడ్డవాడు కాదు. నాకు ఒంట్లో బాగులేనప్పుడు డోలీ మోసినవాళ్ళలో అతనొకడు. కానీ గెల గెలే.

"ఎల్లుండి పొద్దున వొత్తాను బావా. అప్పటికి నీ కత్తి మోగితే సరే. నేకపోతే నాది మోగుద్ది."

గంగ ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, "రేపు బుధు జీపులో ఎస్.కోట ఎల్లు. ఇనప సామాన్ల కొట్లు అక్కడున్నాయి. గుంటని తీసుకెల్లు. నువ్వు సెవితో కొంటావు, అది కళ్ళతో కొంటాది," అంది.

ఎస్.కోటలో అప్పారావు కొట్టు సన్నగా, పొడవుగా, సొరంగంలా ఉంటుంది. మేకులు, పారలు, తాళాలు. ఆయన ముక్కు మీది అద్దాల్లోంచి నన్ను చూసి, ఏం పనికని అడిగాడు. అంతవరకూ ఏ కొట్లోనూ ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. జీలుగు గెల గీయడానికని చెప్పాను. తేలికగా ఉండాలి, పని చేయాలి, మడిస్తే మడిచినట్టు తెరిస్తే తెరిచినట్టు ఉండాలి. ఆయన పది కత్తులు తీసి వెంటనే ఏడు లోపల పెట్టేశాడు. అలవాటు చొప్పున నేను ఒకదాన్ని తెరిచి గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాను.

అప్పారావు నవ్వలేదు. "మడత కత్తి మోగకూడదయ్యా. మోగిందంటే లోపల ఒదులున్నట్టు. సెవి దగ్గిర పెట్టి ఊపు. సప్పుడొత్తే ఒద్దు, రాకపోతే ఉంచు."

నా చెవి పనికిరాకపోలేదన్నమాట, వినవలసింది వేరు, అంతే. మూడూ ఊపాను. ఒకటి కీచుమంది. తీసేశాడు. రెండోదాని అలుగు అద్దంలా మెరుస్తోంది. ఆ మెరుపు తుప్పు పట్టదు గానీ చెక్క మీద పలుగురాయి పొడి చల్లి నూరితే పదును ఎక్కడానికి సతాయిస్తుందన్నాడు. రోజుకు రెండుసార్లు నూరుకునేవాడికి బూడిద రంగు అలుగే మేలట. తుప్పు సంగతి పని అయ్యాక తుడిచి నూనె రాసుకుంటే తీరిపోతుంది. ఇంక మూడోది మిగిలింది.

తెరిచాను. వెనక నుంచి ఒక ఇనప నాలుక టిక్కున వచ్చి అలుగు మడమకు ఆనుకుంది. బల్ల చెక్కకు వెన్ను ఆనించి బలంగా నొక్కాను. మడుచుకోలేదు. పక్కలకు ఊపాను. కదలలేదు. వెన్ను రెండు రూపాయి బిళ్ళలు కలిపినంత మందం, అంచు మాత్రం కాగితం. పిడి నల్లటిది, పనస తొక్కలా గరుకు, చెమట పట్టినా జారదు. పిడి చివర తాడు కట్టుకోవడానికి చిల్లు. అప్పారావు మేకులు తూచే కాటాలో వేశాడు. నా పాత కత్తిలో ఐదో వంతు లేదు.

కుడి చేత్తో పట్టుకున్నాను. వంద దాకా లెక్కపెట్టాను, రెండు వందల దాకా లెక్కపెట్టాను. వేళ్ళు వణకలేదు. నా చేతి కోసం కొలత తీసి చేయించినట్టు ఉంది. తిప్పి చూశాను, మడిచి చూశాను, తెరిచి చూశాను. వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆ చల్లటి కొట్లో నా వీపంతా చెమట పట్టింది.

"ఎలగుంది మావా?" అంది భాను.

"బాగుంది."

"తీసుకుందామేటి?"

నేను కత్తి మడిచాను. బయట ఆర్టీసీ బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. అది పోయేదాకా ఆగి, "నీ సెయ్యి ఇలా ఇయ్యి," అన్నాను.

ఆమె చెయ్యి చాపింది. అరచేతిలో కత్తి పెట్టి వేళ్ళు మడిచాను. పిడి లావైంది. బొటనవేలు చూపుడు వేలిని తాకడం లేదు. అలా పట్టుకుంటే గీసేటప్పుడు కత్తి తిరుగుతుంది.

"ఇందులో సిన్నది ఉందేటి?" అని అప్పారావును అడిగాను.

ఆయన లోపల వెతికి తెచ్చాడు. అదే రకం, వేలెడు చిన్నది. దాన్నీ ఊపాను, నొక్కాను, చెవి దగ్గర పెట్టుకున్నాను. భాను చేతిలో పెట్టాను. తెరిచి మడవమన్నాను. మొదటిసారి రెండు చేతులతో తెరిచింది. ఒక్క చేత్తో తెరవాలన్నాను, ఎందుకంటే పైన రెండో చెయ్యి చెట్టుది. నాలుగోసారికి బొటనవేలితో తెరిచేసింది. ఆమె అలుగు వైపే చూస్తోంది గానీ నా వైపు చూడలేదు.

"బరువుందా?"

"నేదు మావా."

"సేతిలో తిరుగుతందా?"

"నేదు."

నా చేతికి సరిపోయిన కత్తిని అప్పారావుకు తిరిగి ఇచ్చేశాను. చిన్నదానికి డబ్బు కట్టి, బుధు జీపులోనే తిరుగు దారి పట్టాం. అనంతగిరి మలుపులో బుధు ఒకసారి పెళ్ళాం వైపూ ఒకసారి నా వైపూ చూసి, "కత్తి దొరికిందా నాన్నా?" అన్నాడు. దొరికిందన్నాను. నాకు ఆశ్చర్యమేమిటంటే దిగులు లేదు. ఎనిమిది నెలల తర్వాత ఆ రాత్రి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

తెల్లారి చెక్క మీద పలుగురాయి పొడి చల్లి కత్తి నూరాను. భాను చీర కుచ్చిళ్ళు బిగించి దోపుకుని, కత్తి తాడు మణికట్టుకు కట్టుకుంది. భీముడు చెప్పిన వేళకు వచ్చాడు, నడుముకు కత్తి కట్టుకుని మరీ వచ్చాడు. వెనక పది మంది.

"ఏటి బావా, ఎవులెక్కుతన్నారు?" అన్నాడు. నేను భానును చూపించాను. అతను నోరు వెళ్ళబెట్టాడు. "ఆడమనిసేటి? ఆడమనిసి ఎక్కితే గెల ఎండిపోద్ది!"

గంగ చీపురు పట్టుకునే బయటికి వచ్చింది. "మిరియం సెట్టెక్కితే మిరియాలు ఎండిపోనాయేటి?"

"మిరియాలు ఎండాల మరి. ఎండకపోతే ఎవుడు కొంటాడు?" అన్నాడు భీముడు. అందరూ గొల్లుమన్నారు, అతనూ నవ్వేశాడు. నవ్వినవాడు మళ్ళీ కోపం తెచ్చుకోవడం కష్టం. కట్టు ప్రకారం చూసినా, ఎవరు ఎక్కాలో చెప్పేది చెట్టు గలవాడే. మొగవాడే ఎక్కాలని పెద్దలు ఎక్కడా అనలేదు. అనాల్సిన అవసరం వాళ్ళకు తోచి ఉండదు.

నేను మానుకు అరచెయ్యి ఆనించాను. మంచుకు తడిసి చల్లగా ఉంది. "భాను," అన్నాను. గట్టిగానే అన్నాను. తర్వాత చెయ్యి తీసి పక్కకు జరిగాను.

ఎక్కింది. నేను కింద నుంచి ఊరంతా వినేలా అరుస్తూనే ఉన్నాను. పొర ఇలా ఒలువు, తాడు అలా బిగించు, కొస కొంచెం వంచు, పల్సగా, ఇంకా పల్సగా, బేగి వద్దు. నేను అరిచిన వాటిలో సగం ఆమె అప్పటికే చేసేస్తోంది. కింద పడ్డ మొదటి ముక్క తీసి చూశాను. అవతల వేలు కనబడేంత పల్చన. భీముడికి ఇచ్చాను. అతను దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, నడుము కత్తి విప్పి మా గోడకు ఆనించి, కూర్చున్నాడు.

గెల వెంటనే పలకదు. మూడు రోజులు రెండు పూటలా ఎక్కి గీసింది. నాలుగోనాటి సాయంత్రం కొసన చుక్క నిలిచిందని పై నుంచి చెప్పింది. కుండ కట్టి వచ్చింది.

ఐదోనాడు పొద్దున మంచు దట్టంగా ఉంది. పెరట్లో ఇంకా ఎవరూ రాలేదు. భాను కత్తి జేబు సంచిలో వేసుకుని వెదురెక్కింది. మొదటి రోజు జనం, నా అరుపులు, ఆ హడావిడిలో నాకేమీ తెలియలేదు. ఇప్పుడు అరవడానికి ఏమీ లేదు, ఆమెకు పని వచ్చేసింది. పది మెట్లు దాటేసరికి మంచులో కలిసిపోయింది. మనిషి కనబడదు, చప్పుడొక్కటే. తడి వెదురు కిర్రుమంటోంది. నాలుగో మెట్టు మీద నాకు వేసిన భయం దీని ముందు ఒక భయమే కాదు. అక్కడ నా చేతులు మానును పట్టుకుని ఉన్నాయి. ఇక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. తల వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని, ఆమె ఎక్కడ పడినా పట్టుకోవాలన్నట్టు చేతులు చాపి నిలబడ్డాను. పైన చప్పుడు ఆగిపోయింది. గీస్తోందా? జారిందా? పిలిస్తే ఉలిక్కిపడుతుందేమోనని పిలవలేదు.

పక్కన అలికిడైంది. గంగ వచ్చి నిలబడింది. నన్ను కింది నుంచి మీది దాకా ఒకసారి చూసింది, నా చాచిన చేతుల్ని కూడా చూసింది.

"పిలవకు. పిలిస్తే అదురుతాది," అంది.

"తెలుసు. నీకెలగ తెలుసు?"

"ముప్పై రెండేళ్ళు ఇక్కడే నిలబడ్డాను."

నేను ఆమె మొహంలోకి చూశాను. నేను చెట్టు దిగిన ప్రతి పొద్దునా ఆమె కింద ఉండేది. కుండ అందుకోవడానికని అనుకున్నాను. ముప్పై రెండేళ్ళూ అలాగే అనుకున్నాను. కుండ ఆమె చేతికిచ్చి, ఎవరెవరు వచ్చారో చూసుకోవడానికి అటు నడిచేవాణ్ణి. నేను పడిన రోజు అందరికంటే ముందు నా తల ఎత్తి ఒడిలో పెట్టుకున్నది ఎవరో, అంత తొందరగా ఎలా వచ్చిందో ఒక్కసారీ ఆలోచించలేదు.

"గంగా," అన్నాను.

"ఏటి?"

"నాకెప్పుడూ సెప్పనేదేటి?"

"సెబితే ఎక్కడం మానీసేవాడివేటి?" అంది. కోపంగా కాదు, ఉన్న మాట అన్నట్టు. కొంగుతో నా మొహం మీది మంచు తుడిచింది. "ఇంక నీ వంతు. నువ్వు నిలబడు. నా అంబలి మాడిపోతంది."

అని లోపలికి వెళ్ళిపోయింది. పై నుంచి వెదురు మళ్ళీ కిర్రుమంది. ఒక్కొక్క మెట్టూ లెక్కపెట్టుకుంటూ, భాను పాదం నేల మీద పడేదాకా నేను అక్కణ్ణుంచి కదల్లేదు.